పోపు వేయని వంటిల్లు

“పది నిమిషాలే, జయశీల గారూ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ సన్యాసిరాజు. “సాయంత్రం అయిదింటికి ముద్దాయిని మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. కన్నీళ్ళు తుడిచే పనేదైనా ఉంటే బేగి తుడిచెయ్యండి.”

“ఆవిడ ఏడవటం లేదండీ,” అంది జయశీల.

నిజంగానే గౌరీశ్వరి ఏడవటం లేదు. స్టేషను వెనక గదిలో గోడకి ఆనుకుని, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కూర్చుంది. చిన్న వయసే. జుట్టు మాత్రం చూడటానికి భయం వేసేలా ఉంది. నూనె చుక్క లేదు. పాయలు పాయలుగా అతుక్కుపోయి తాళ్ళలా వేలాడుతోంది. ఒక్క రాత్రి లాకప్పులో ఉన్నంత మాత్రాన జుట్టు అలా అయిపోదు.

ఆమె మీద ఉన్న నేరం, మొగుడికి విషం పెట్టడం. మొగుడు ఎల్లారావు పోర్టులో క్రేను కింద నిలబడి చేతులతో సైగలు చేసే సిగ్నల్‌మన్. మొన్న డ్యూటీలో ఉండగా కాళ్ళు మడతపడి ఓడలాగే వార్ఫు గట్టు మీదే కూలిపోయాడు. పెద్దాసుపత్రికి చేర్చేసరికి నడుము కింద స్పర్శ లేదు. మర్నాటికి చూపు మసకబారింది, మనిషి మత్తులోకి జారిపోయాడు. ఇవాళ పొద్దున్నకి ఆ చచ్చుదనం ఛాతీ దాకా పాకింది. అది ఏమిటో తెలిస్తే తప్ప మందు వెయ్యలేమంటున్నారు డాక్టర్లు. ఏమిటో తెలిసినది ఈ గదిలో కూర్చున్న మనిషికేనని పోలీసుల నమ్మకం.

జయశీలని ఈ కేసుకి పెట్టుకున్నది గౌరీశ్వరి తండ్రి తవిటయ్య. ఆనందపురం వైపు నుంచి పూర్ణా మార్కెట్టుకి కూరగాయలు తెచ్చే రైతు. “నా పిల్ల సీమకి కూడా కీడు సెయ్యదమ్మా” అన్న ఒక్క మాట చెప్పి, తరవాత ఏం చెప్పాలో తెలియక అలాగే నిలబడిపోయాడు. ప్లీడర్లకి సాక్ష్యాలు వెతికిపెట్టడం జయశీల వృత్తి. పోలీసులు ఆమెని డిటెక్టివమ్మ అంటారు. ఎదురుగా నవ్వుతూ అంటారు, వెనక నవ్వకుండా అంటారు.

ఆమె నేల మీద, గౌరీశ్వరికి ఎదురుగా కూర్చుంది.

“మీ నాన్న పంపారమ్మా నన్ను. మీ ఆయనకి రోజూ ఏం పెట్టేదానివి?”

“అన్నమే ఎట్టినాను.”

“అన్నంలోకి?”

“పెరుగు.”

“ఇంకేం లేదా? కూరా, పులుసూ?”

గౌరీశ్వరి తల అడ్డంగా ఊపింది.

“ఇంట్లోకి ఎవరినీ రానివ్వలేదట. ఆయన ఇంట్లోనే ఉంటే ఊరెళ్ళాడని పోర్టు మేస్త్రీకి కబురు పెట్టావట. ఎందుకు?”

గౌరీశ్వరి మోకాళ్ళ మీద తల ఆనించుకుంది.

“విషం పెట్టావా?”

అప్పుడు ఎత్తింది కళ్ళు. అందులో కోపం లేదు. భయం ఉంది గానీ, అది పోలీసుల భయం కాదు. ఆమె జయశీల భుజం మీదుగా, ఖాళీ గోడ వైపు, అక్కడ ఎవరో పెద్దవాళ్ళు నిలబడి వింటున్నట్టు చూసింది.

“తప్పు జరిగిపోనాది. నాదే తప్పు. ఇంకేటీ అడక్కండమ్మా. ఇప్పుడు నాను నోరిప్పకూడదు.”

“ఎవరు విప్పకూడదన్నారు?”

ఆడ కానిస్టేబుల్ జాలిపడి, తన సంచిలోంచి దువ్వెన తీసి ముందుకు వచ్చింది. “కోర్టుకెలతావు కదే పిల్లా, ఆ జుట్టేటి, సరిసేత్తాను రా.” గౌరీశ్వరి చప్పున తల రెండు చేతులతో కప్పుకుని మూలకి జరిగిపోయింది.

“ఒద్దప్పా! దువ్వెన తేకు, నీకు దండం పెడతాను!”

విషం పెట్టావా అని అడిగినప్పుడు కూడా ఆమె అంత బెదిరిపోలేదు. జయశీల లేచింది.

బయట సన్యాసిరాజు సిగరెట్టు వెలిగించి సిద్ధంగా ఉన్నాడు. “విన్నారు కదా? తప్పు నాదే అంది. నాకూ అదే చెప్పింది, పంచనామా చేసిన పెద్దలకీ అదే చెప్పింది. నేను ఒక్క దెబ్బ కొట్టలేదు.”

“కొట్టలేదని తెలుస్తోంది. తప్పు అంది గానీ విషం అన్లేదు.”

“ఇంకేటంటుందండీ? ఏ బ్రాండో చెప్పాలా?” అతను వేళ్ళు మడిచాడు. “తలుపులేసుకుని మొగుణ్ణి దాచింది. అబద్ధం చెప్పింది. చప్పిడన్నం పెట్టింది. రోలు దగ్గర ఆకుపసరు ముద్ద దొరికింది. మందెట్టిందని కన్నతల్లి కంప్లెయింటు ఇచ్చింది. మొగుణ్ణి కొంగున కట్టుకోవాలని మందెడతారు, మోతాదు మించుతుంది, వాడు పడతాడు. నా సర్వీసులో ఇలాంటివి రెండు చూశాను.”

“ఆ ఇల్లు నేనూ ఒకసారి చూడాలి.”

“చూడండి. నేనూ వస్తాను. మీరు ఏదైనా కనిపెడితే చప్పట్లు కొట్టే మనిషి ఉండాలి కదా.”

*

పాతపోస్టాఫీసు వెనక సందులో రెండు గదుల పెంకుటిల్లు. సీలు తీసి సన్యాసిరాజు తలుపు తోశాడు. “చూడండి. ముట్టుకోకండి.”

జయశీల ముందు గది దాటి నేరుగా వంటింట్లోకి నడిచింది. పొయ్యిలో మెత్తటి బూడిద ఉంది. గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. రోలు అంచున పసుపుపచ్చగా, ఎండి పగిలిన ముద్ద అంటుకుని ఉంది.

“అదే మందు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి. “సగం గీకి లాబుకి పంపాం. ఆ ఆకేదో వాళ్ళు...”

మాట పూర్తి కాకముందే జయశీల వంగి, వేలితో ఆ ముద్దని రాసి నాలుక మీద పెట్టుకుంది.

“ఏయ్!” సన్యాసిరాజు ఆమె మణికట్టు పట్టేసుకున్నాడు. “మతిపోయిందా మీకు? ఉమ్మండి! ఉమ్మెయ్యండి ముందు!”

ఆమె పెరట్లోకి వెళ్ళి ఉమ్మి వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“రాజు గారూ, దీన్ని మీరు వాసన చూశారా?”

“విషమని అనుమానం ఉన్నదాన్ని ముక్కు దగ్గర పెట్టుకునేవాడు పోలీసు ఉద్యోగం చెయ్యడు.”

“వేపాకు. పసుపు. అంతే.”

అతను ఆమె చెయ్యి వదిలాడు. “అంతే అని మీ నాలుక సర్టిఫికెట్టు ఇచ్చిందా? వేపాకు చేదులో ఇంకో చేదు దాచొచ్చు.”

ఆ మాట కాదనడానికి లేదు. జయశీల వాదించకుండా అలమర వైపు తిరిగింది. పోపులపెట్టె మూత బిగుసుకుపోయి ఉంది. తెరిస్తే ఆవాలూ మిరపకాయలూ కలిసి పురుగు గూట్లో ముద్దకట్టాయి. నూనె సీసా మెడ మీద దుమ్ము. గోడకి తగిలించిన పోపు గరిటె అడుగున తుప్పు. పొయ్యేమో నిన్నమొన్నటి దాకా రోజూ వెలిగింది.

ఆమె చాలాసేపు ఆ గరిటెనే చూస్తూ నిలబడింది.

“గరిటెతో కొట్టి చంపిందంటారా?” అన్నాడు సన్యాసిరాజు.

“మొగుడికి విషం పెట్టేది తను కూడా చప్పిడన్నం ఎందుకు తింటుంది? ఈ ఇంట్లో ఎవరి కోసమూ పోపు వెయ్యలేదు.”

సందులోంచి ఎవరో తొంగిచూస్తున్నారు. పక్కింటి అసిరమ్మ. గౌరీశ్వరి తలుపులేసుకుందని పోలీసులకి సాక్ష్యం చెప్పింది ఆమే. జయశీల గుమ్మంలోకి వచ్చింది.

“అమ్మా, ఈ ఇంట్లోంచి పోపు వాసన వచ్చేదా?”

“పోపా?” అసిరమ్మ ఇన్‌స్పెక్టర్ వైపు ఒక చూపు చూసింది. “రానేదు. సాన్నాల్లయి రానేదు.”

“ఎందుకు రాలేదో మీకు తెలుసు.”

అసిరమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. తన చెంపలు తనే మెల్లగా వేసుకుంది, ఈ పక్కా ఆ పక్కా. “అలాటివి అడగకూడదమ్మా. నాను సెప్పకూడదు.” గబగబా ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

“సరిపోయింది. ఈవిడికీ మందెట్టారు కావాల,” అన్నాడు సన్యాసిరాజు.

జయశీల నవ్వలేదు. తలుపు వెనక్కి వెళ్ళి చూసింది. ద్వారబంధం పైన మేకుకి చిన్న పురికొస ముడి ఉంది. కింద మూలలో, చీపురు అందని చోట, ఎండి చుట్టుకుపోయిన వేపరెబ్బలు రెండు. ముందు గదిలో మంచం ఎత్తి గోడకి ఆనించారు. నేల మీద చాప, చాప కిందా అవే రెబ్బలు. దూలం మీద, చెయ్యి అందనంత ఎత్తులో గుడ్డలో కట్టిన మూట ఉంది. ఇన్‌స్పెక్టర్ స్టూలెక్కి దించాడు. విప్పితే దువ్వెన, అద్దం, ఎల్లారావు గడ్డం గీసుకునే కత్తి.

జయశీలకి తన చిన్ననాటి వీధి గుర్తొచ్చింది. ఆ ఊళ్ళో చర్చి వీధికి ఆనుకునే హిందువుల ఇళ్ళు. పక్కింటికి అమ్మవారు వచ్చిందని ఎవరూ నోటితో చెప్పేవారు కారు. గుమ్మానికి వేపమండ కనిపిస్తే చాలు, జయశీల తల్లి బైబిలు చదువుకునే మనిషే అయినా, తన వంటింట్లో కూడా పోపు మానేసేది. ఘాటు గోడ దాటుతుందని. ఆ రోజుల్లో వీధి మొత్తం గొంతు తగ్గించి మాట్లాడేది. పిల్లలు గట్టిగా నవ్వితే పెద్దవాళ్ళు వేలు చూపించేవారు. కంటికి కనపడని ఒక పెద్దామె ఆ ఇంట్లో చాప మీద కూర్చుని ఉన్నట్టూ, ఆమె లేచి వెళ్ళేదాకా ఊపిరి కూడా మెత్తగా తీసుకోవాలన్నట్టూ ఉండేది.

గౌరీశ్వరి స్టేషనులో గోడ వైపు ఎందుకు చూసిందో ఇప్పుడు తెలిసింది.

“రాజు గారూ, మీ ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోసిందా?”

సన్యాసిరాజు చెయ్యి అతనికి తెలియకుండానే టోపీ మీదికి వెళ్ళింది. “మా తమ్ముడికి. నన్ను అప్పుడు మావయ్య గారింటికి పంపేశారు.”

“అందుకే మీరు చూడలేదు. అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బయటివాళ్ళు రాకూడదు. పోపు వెయ్యకూడదు, గడ్డం గీయకూడదు, తల దువ్వకూడదు. చల్లటివే పెట్టాలి. వచ్చిందని బయట చెప్పకూడదు. చివరికి వేపాకూ పసుపూ నూరి, ఆ నీళ్ళు తల మీద పోసి సాగనంపుతారు. మీరు వేళ్ళు మడిచి చెప్పినవన్నీ ఇవే.”

అతను సిగరెట్టు పారేశాడు.

“అయితే ఏటి? అమ్మవారు పోసింది, తగ్గింది. ఆ తరవాత విషం పెట్టింది. రెండూ జరగొచ్చు.”

“జరగొచ్చు. ఆసుపత్రికి రండి. ఆ సంగతి చెప్పగలిగిన మనిషి అక్కడున్నాడు.”

*

వార్డు వరండాలో ఎల్లారావు తల్లి రామలక్ష్మమ్మ గోనెపట్టా మీద కూర్చుని ఉంది. ఇన్‌స్పెక్టరుని చూడగానే లేచింది. “దాన్ని కోర్టులో ఎట్టీసినారా బాబూ? నా కొడుక్కి మందెట్టేసినాది. నిలువునా తీసేసినాది!” అరుపులో ఏదో తొందర ఉంది. ఎవరో అడగబోయే ప్రశ్నకి ముందే అడ్డం పడుతున్నట్టు.

నరాల డాక్టరు విజయరత్నం మంచం పక్కనే ఉన్నాడు. ఎల్లారావు కళ్ళు సగం మూసి, నోటితో ఊపిరి తీస్తున్నాడు. డాక్టరు అతని అరికాలు మీద తాళంచెవి అంచుతో గీత గీశాడు. బొటనవేలు మెల్లగా, దానంతటదే, పైకి లేచింది. మిగతా వేళ్ళు విసనకర్రలా విచ్చుకున్నాయి.

“చూశారా? మనలాంటివాళ్ళకి వేలు కిందికి ముడుచుకుంటుంది. ఇది పైకి లేస్తోంది. దెబ్బ ఎక్కడో వెన్నుపాములో ఉందని చెబుతోంది. పురుగులమందు తాగినవాడికి నురగ రావాలి, కంటిపాప సూదిమొనంత కావాలి. అవేమీ లేవు. నేను ఇది విషం కాదనే అనుకుంటున్నాను. కానీ ఏమిటో చెప్పడానికి ఒక్క ముక్క దొరకటం లేదు.”

“ఈయన్ని ఒక్కసారి పక్కకి తిప్పుతారా?” అంది జయశీల.

నర్సూ డాక్టరూ కలిసి తిప్పారు. జయశీల చెవి వెనక జుట్టు వేళ్ళతో విడదీసింది. అక్కడ, బియ్యపుగింజంత గుంటలు. అంచులు ఇంకా లేతగా, గులాబిరంగులో ఉన్నాయి. వీపు మీద పలచగా ఇంకొన్ని. నల్లటి ఒంటి మీద, వెల్లకిలా పడుకోబెట్టిన మనిషికి, ఎవరూ వెతకని చోట.

డాక్టరు వంగి ఒక్కొక్కటీ వేలితో తడిమాడు. తల ఎత్తేసరికి అతని ముఖం మారిపోయింది.

“పొక్కులు రాలి రెండు వారాలు కాలేదు. జ్వరం వచ్చిందా, ఒంటి మీద ఏదైనా పేలిందా అని నేను ముమ్మారు అడిగానమ్మా.”

“ఎవరిని?”

అతను వరండా వైపు చూశాడు.

“అమ్మవారిని జ్వరం అనరండీ,” అంది జయశీల. “పేలింది అని అసలే అనరు. మీరు అడిగిన మాటలకి ఆవిడ దగ్గర లేదు అన్న జవాబే ఉంటుంది.”

విజయరత్నం నర్సుని పిలిచి ఇంజెక్షను పేరు చెప్పాడు. ఆమె దాన్ని నరానికి ఎక్కించింది. ఆ తరవాత సన్యాసిరాజే అడిగాడు.

“ఆటలమ్మకి కాళ్ళు పడిపోవటమేటండీ? తగ్గిపోయింది కదా.”

“తగ్గాకే వస్తుంది ఇది. చాలా అరుదు. వేలమందిలో ఒకరికి.” డాక్టరు తన చేతిలో తాళంచెవిని చూసుకుంటూ మాట్లాడాడు. “మన నరాల మీద సన్నటి తెల్లటి పొర ఉంటుంది, కరెంటు తీగ మీద రబ్బరు తొడుగులాగ. ఆ పొర ఉంటేనే కాలు కదలమన్న మాట కాలికి చేరుతుంది. ఒంట్లోకి వైరస్ వచ్చినప్పుడు దాన్ని తరమడానికి రక్తంలో ఒక సైన్యం లేస్తుంది. ఆ సైన్యం గెలిచింది. అమ్మవారు దిగింది. ఇంక ఆయుధాలు కింద పెట్టాలి. కానీ ఒక్కోసారి, ఎందుకో మాకూ తెలీదు, అది తన సొంత నరాల పొరని చూసి అదే శత్రువనుకుంటుంది. ఆ పొరని కాల్చుకుంటూ వెళుతుంది. మెదడులో, వెన్నులో, కంటి వెనక. ఇతని కాళ్ళలో ఏ లోపమూ లేదు. కళ్ళు కూడా మంచివే. కబురు మోసే దారి కాలిపోయింది, అంతే.”

“ఎవరు కాల్చినట్టు?”

“అతనే. అతనికి తెలియకుండా. అతన్ని కాపాడదామని.”

సన్యాసిరాజు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. జయశీల ఎల్లారావు బొటనవేలు వైపు చూస్తూ ఉండిపోయింది. ఎన్నో కేసుల్లో ఎన్నో తలుపుల వెనక నేరస్తుణ్ణి వెతికింది. ఈ తలుపు వెనక నేరస్తుడు లేడు. ఉన్నదల్లా ఒక మనిషి ఒళ్ళు. ఏళ్ళ తరబడి చెప్పకుండా కాపలా కాసి, ఒక్కసారి తన ఇంటినే గుర్తుపట్టలేకపోయిన ఒళ్ళు. చిన్నప్పుడు వేపమండ కట్టిన గుమ్మం ముందు ఎలా గొంతు తగ్గించేదో, ఇప్పుడూ అలాగే ఆమె గొంతు తగ్గింది.

“ఇంజెక్షను పని చేస్తుందా?”

“ఆ సైన్యాన్ని ఆపుతుంది. సాయంత్రం లోపు అది ఊపిరి కండరాల దాకా వెళ్ళకుండా ఉంటే.”

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ టోపీ పెట్టుకున్నాడు. “ఒక్కటి మాత్రం మిగిలిపోయిందండీ. విషం లేకపోతే, తప్పు నాదే అని ఆ పిల్ల ఎందుకంది? నా రికార్డులో ఉంది ఆ మాట.”

“దానికి జవాబు ఈయన తల్లి దగ్గరుంది,” అంది జయశీల.

రామలక్ష్మమ్మ వాళ్ళిద్దర్నీ చూసి గోనెపట్టా మీద ముడుచుకుంది.

“అమ్మా, ఎల్లారావుకి అమ్మోరి నీళ్ళు పోసిందెవరు?”

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. “ఏ నీల్లు? ఏ అమ్మోరు? అదే... ఆ కోడలు గుంటే పోసుంటాది. నాకేటి తెలుసు!”

“గౌరి కాదు. అమ్మోరు పోసిన మనిషికి నీళ్ళు పోసిన రోజే, సేవ చేసిన మనిషీ తలకి పోసుకుంటుంది. దువ్వెన తిరిగి దించుతారు. ఆ ఇంట్లో దువ్వెన ఇంకా దూలం మీదే ఉంది. ఇవాళ స్టేషనులో దువ్వబోతే గౌరి మూలకి పారిపోయింది. దాని లెక్కలో అమ్మోరు ఇంకా ఇల్లు కదల్లేదు. మరి ఎల్లారావు మాత్రం గడువు ముందే నీళ్ళోసుకుని, డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లోకి రావడానికి ఎవరికీ లేని హక్కు ఒక్క తల్లికే ఉంది.”

సన్యాసిరాజు ఆశ్చర్యంగా జయశీల వైపు చూశాడు. రామలక్ష్మమ్మ గోడకి తల కొట్టుకోబోతే జయశీల పట్టుకుంది.

“నానే పోసినాను!” అంది ముసలామె. “ఉన్న ముక్క స్టీలుప్లాంటులో కలిసిపోనాది. భూమి పోయినోలకి ఉజ్జోగం అన్నారు, పిలుపొచ్చింది, సోమారం రమ్మన్నారు. ఆ గెడ్డంతోటి, ఆ మొగంతోటి పంపమంటారా? గౌరి నూతి కాడికెల్లినప్పుడు నానే రోట్లో నూరినాను, నానే నీల్లోసినాను, నానే గెడ్డం గీయించినాను. మల్లీ ఆ సామాను మూటగట్టి పైనెట్టింది గౌరే. అంతకు ముందే కాల్లట్టుకున్నాది నావి, ఒద్దత్తా, ఇంకా ఆ తల్లి ఎల్లలేదు అనీసి. నాను ఇన్నేదు. ఆ మూడోనాడే నా కొడుకు పడిపోనాడు. అమ్మోరు ఒప్పుకోలేదు తల్లీ! నా సేతుల్తో నానే...”

“అందుకని కోడలి మీద చెప్పావు,” అన్నాడు సన్యాసిరాజు.

“దాని సేతిలో మందుంటే, నా సేతిలో పాపం ఉండదు కదా బాబూ.”

ఆ మాట ఆమె నాటకంగా అనలేదు. నిజంగా అలాగే లెక్క వేసుకుంది. గౌరీశ్వరి మాత్రం, అత్తని కాచుకోలేకపోవడం తన తప్పని నమ్మి, అమ్మవారు ఇంట్లో ఉండగా ఇంటి పెద్దదాన్ని వేలెత్తి చూపకూడదని నమ్మి, కోర్టుకి వెళ్ళడానికి సిద్ధపడింది.

“నీ వల్ల కాదమ్మా,” అంది జయశీల. “నీ నీళ్ళ వల్ల కాదు. గౌరి వల్లా కాదు. లోపల డాక్టరు గారు చెబుతారు...”

లోపలి నుంచి నర్సు కేక వేసింది.

ఎల్లారావు పెదవులు నీలంగా మారుతున్నాయి. ఛాతీ కదలటం లేదు. మెడ దగ్గర కండరాలు మాత్రం చేపమొప్పల్లా ఎగురుతున్నాయి. విజయరత్నం అతని గొంతులోకి గొట్టం దించి, దానికి రబ్బరు సంచి తగిలించి నొక్కాడు. ఛాతీ లేచింది. వదిలాడు. దిగింది. మళ్ళీ నొక్కాడు.

“యంత్రం ఒక్కటే ఉంది. దాని మీద ఒక పాప ఉంది,” అన్నాడు తల తిప్పకుండా. “ఇంజెక్షను అందుకునేదాకా చేత్తోనే. ఆపకూడదు. మీలో ఎవరు ముందు?”

రామలక్ష్మమ్మ ముందుకొచ్చింది. తరవాత జయశీల. తరవాత మళ్ళీ రామలక్ష్మమ్మ. ఆ సంచి చేతిలో చిన్నదే. నొక్కిన ప్రతిసారీ, ఒక మనిషి లోపలంతా నిండి తిరిగి ఖాళీ అవుతున్నట్టు అరచేతికి తెలిసేది. జయశీల తన సొంత ఊపిరి బిగపట్టి నొక్కుతోందని డాక్టరు చెబితే గానీ గమనించుకోలేదు.

సన్యాసిరాజు ఎప్పుడు వెళ్ళాడో ఎవరూ చూడలేదు. వచ్చినప్పుడు మాత్రం చూశారు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు, మధ్యలో ఆ తాళ్ళలాంటి జుట్టుతో గౌరీశ్వరి.

“కోర్టుకి తీసుకెళుతున్నాను,” అన్నాడు ఎవరి ముఖమూ చూడకుండా. “దారిలో ఒక్కసారి చూపించి తీసుకెళ్దామని. కంప్లెయింటు ఇంకా రికార్డులోనే ఉంది. ఆవిడ వేలిముద్ర వేసి వెనక్కి తీసుకుంటే గానీ... నా చేతిలో లేదు.”

గౌరీశ్వరి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మొగుడి నోట్లో గొట్టం చూసింది. అత్త చేతిలో సంచి చూసింది. రామలక్ష్మమ్మ చేతులు అలిసిపోయాయి. ఒకసారి నొక్కు తప్పింది. ఇంకోసారి తప్పింది. జయశీల చెయ్యి చాపబోయింది, కానీ అప్పటికే తన వేళ్ళు తిమ్మిరెక్కి ముడుచుకోవటం లేదు.

“ఇంకెవరు?” అన్నాడు డాక్టరు గట్టిగా, గొట్టం జారకుండా పట్టుకునే. నర్సు ఆ పాప యంత్రం దగ్గర ఉంది.

గౌరీశ్వరి కదిలింది. కానిస్టేబుల్ ఆమె జబ్బ పట్టుకున్నాడు. “సార్! విషం కేసు ముద్దాయి సార్! ఆయన ప్రాణమే దాని చేతికిస్తే, ఏదైనా అయితే...”

వార్డులో అందరూ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగారు. సన్యాసిరాజు నుదుటి మీద చెమట పట్టింది. గడియారం వైపు చూశాడు. ఎల్లారావు పెదవుల మీదికి మళ్ళీ నీలం రంగు ఎక్కుతోంది.

“ఒదులు,” అన్నాడు.

“సార్...”

“ఒదలమన్నానా! పూచీ నాది.”

గౌరీశ్వరి మంచం దాకా వచ్చి మళ్ళీ తటపటాయించింది. చేతులు వెనక్కి తీసుకుంది. “నాను తలకి పోసుకోనేదు. ఆయన్ని ముట్టుకోవచ్చో నేదో...”

“రాయే గౌరీ,” అంది రామలక్ష్మమ్మ. సంచి వదలకుండానే స్టూలు మీద పక్కకి జరిగి చోటిచ్చింది. “నీల్లోసింది నానని సెప్పేసినాను. నాను సెడగొట్టినాను గానీ నువ్వు కాదు. నా సేతులు ఆగిపోతన్నాయే. పట్టుకో.”

గౌరీశ్వరి కూర్చుంది. రెండు చేతులూ కలిపి సంచి అందుకుంది. నొక్కింది. ఎల్లారావు ఛాతీ లేచింది. ఆమె అది చూసి ఉలిక్కిపడి ఒక్క క్షణం ఆగింది, అంత పెద్ద ఒళ్ళు తన గుప్పిట్లోంచి లేచిందా అని. వదిలింది. దిగింది. మళ్ళీ నొక్కింది. నెమ్మదిగా నీలం రంగు వెనక్కి తగ్గింది.

“ఎంతసేపు బాబూ?” అంది తల ఎత్తకుండా.

“చెప్పలేనమ్మా. రేపు కావచ్చు. ఎల్లుండి కావచ్చు. అతనంతట అతను తీసుకునేదాకా.”

“సరే,” అంది గౌరీశ్వరి, మళ్ళీ నొక్కుతూ.